పాట వినగా ప్రకటన స్ఫురించుట : స్మృతి, సాదృశ్యము, సంబంధము

1773వ సంవత్సరమున సాల్జ్‌బర్గ్ నగరమున 17 ఏండ్ల ప్రాయపు మోట్సార్ట్ ఒక సింఫొనీని రచించెను. ఆతని సింఫొనీల వరుసలో అది 25వదిగా లెక్కకు వచ్చినది. దాని మొదటి భాగమును నేడు భారతదేశమున ఏ విద్యావంతుల గోష్ఠిలోనైనను వినిపించినచో, 1990 ప్రాంతమున బాల్యమును గడపినవారు పెక్కుమంది తటాలున గుర్తింతురు. అయితే వారు గుర్తించునది మోట్సార్టును గాదు, టైటాన్ చేతి గడియారమును. ఇది ఆ గడియారపు ప్రకటనలోని సంగీతము కదా అని కొందరు ఉత్సాహముతోను, కొందరు కించిత్ సిగ్గుతోను పలుకుదురు. మహాశిల్పి కృతిని అంగడి సరుకుతో ముడివెట్టుట అవివేకమని తలంచుటయే ఆ సిగ్గునకు హేతువు.

ఇది అవివేకమా, కాదా యను తీర్పునకు ముందు, అచట జరిగినదేమో తెలియవలెను. పాటను వినుచుండగా దూరదర్శనిలోని వాణిజ్యప్రకటన స్ఫురించుట నేడు సర్వసామాన్యము. క్రొత్త చలనచిత్రగీతమును వినినవాడు ఇది ఫలానా సబ్బు ప్రకటన వలె నున్నదనును. పాత పాశ్చాత్యకృతిని వినినవాడు ఇది ఫలానా గడియారపు పాట యనును. ఈ రెండు మాటలును పైకి ఒక్కటే వలె తోచును. తత్త్వమున అవి వేరు. మొదటిది సాదృశ్యము వలన పుట్టిన స్మృతి; రెండవది సంబంధము వలన పుట్టినది. ఈ భేదమును పాటింపకపోవుట చేతనే చౌర్యారోపణలు నిష్కారణముగా బయలుదేరుచున్నవి. ఒక కృతి యొక్క సొంతరసమును వేరొక వస్తువు ఎట్లు ఆక్రమించునో తెలియకుండ పోవుచున్నది.

స్మృతికి కారణము సంస్కారమని నైయాయికుల మతము. సంస్కారము అందరి యందును నిద్రాణమై యుండును. దానిని మేల్కొల్పునది ఉద్బోధకము. గౌతముని న్యాయసూత్రములందు మూడవ అధ్యాయమున ఇట్టి ఉద్బోధకములు 27 పరిగణింపబడినవి. అందు అభ్యాసము కలదు, సాదృశ్యము కలదు, సంబంధము కలదు, ఆనంతర్యము కలదు, సుఖదుఃఖములు కూడ కలవు. ఒకదానికొకటి పోలిక లేకున్నను, కలిసి కనబడిన వస్తువులలో ఒకటి రెండవదానిని తలపునకు దెచ్చునని ఆ సూత్రకారుడు స్పష్టముగ గుర్తించెను. ఆధునిక మనశ్శాస్త్రము సాహచర్యమని పిలుచునది దీనికి దూరము కాదు.

అలంకారికులు ఈ విభాగమును మరింత సూక్ష్మముగ వాడుకొనిరి. రుయ్యకుడు స్మరణమును అలంకారముగ నిరూపించెను. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు జగన్నాథ పండితరాయలు రసగంగాధరమున దానిని చర్చించుచు, సాదృశ్యజ్ఞానము మేల్కొల్పిన సంస్కారము వలని స్మృతికే అలంకారత్వమును అంగీకరించెను. పద్మమును చూడగా ప్రియురాలి ముఖము స్మరణకు వచ్చినచో అది అలంకారము. ఆమె కూర్చున్న అరుగును చూడగా ఆమె జ్ఞప్తికి వచ్చినచో అది అలంకారము కాదు. అరుగునకును ఆమెకును పోలిక లేదు గదా! అది భరతుడు లెక్కించిన 33 వ్యభిచారిభావములలోని స్మృతికి చెందును. ప్రస్తుతవిషయమున, మోట్సార్ట్ సింఫొనీ గడియారమునకు అరుగు వంటిది. పద్మము వంటిది కాదు.

పాట స్మృతిని రేపు తీరును కాళిదాసు కంటె నిశితముగ చెప్పినవారు అరుదు. శాకుంతలము పంచమాంకమున హంసపదిక పాడిన పాట దుష్యంతుని చెవిని బడును. ప్రియజనవియోగము లేకున్నను ఆతని మనస్సు కారణము తెలియని కలతకు లోనగును. స్మృతి ఉన్నది, స్మరింపబడు వస్తువు మాత్రము దుర్వాసుని శాపముచే మరుగుపడినది. ప్రకటన విషయమున దీనికి సరిగా విపర్యయము సంభవించినది. నేటి శ్రోతకు వస్తువు మితిమీరిన స్పష్టతతో జ్ఞాపకమున నిలుచును, దాని వెల సహితముగ. మరుగుపడినది పాట యొక్క పుట్టుక.

ఇంత బలమైన సంస్కారము ఎట్లు ఏర్పడినది? ఇందుకు ప్రసారచరిత్ర కొంత తెలియవలెను. 1952లో ఆకాశవాణి చలనచిత్రగీతములను తగ్గింపగా శ్రోతలు రేడియో సిలోనుకు మరలిరి. అందు ఆ యేడే ఆరంభమై అమీన్ సయానీ కంఠముచే దేశమంతట ప్రసిద్ధి గాంచిన గీతమాల యొక్క పేరుననే బినాకా యను దంతపు పేస్టు పేరు చేరియుండెను. 1957లో వివిధ భారతి పుట్టినది. 1967 నవంబరు 1న బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రములలో అందు వాణిజ్యప్రసారము మొదలైనది. దూరదర్శనిలో ప్రకటనలకు 1976 జనవరి 1న ద్వారము తెరువబడినది. హైదరాబాదు కేంద్రము 1977లో నెలకొన్నది. 1982లో వర్ణప్రసారము, జాతీయకార్యక్రమము వచ్చినవి. అటుపిమ్మట సుమారు పదేండ్లు దేశమునందలి అధికభాగమున కుటుంబములన్నిటికిని చూచుటకు ఉన్నది దూరదర్శని యొక్కటియే. ఒకే సాయంకాలమున ఒకే ప్రకటనను శ్రీకాకుళపు ఇల్లును లూధియానా ఇల్లును చూచెడివి. ఒక ప్రకటన దినమునకు రెండు మారులు మాత్రమే వినబడినను ఏడాదికి 730 మారులు వినబడినట్లగును. ఏ సంగీతవిద్యార్థియు ఒక్క వర్ణమును గురువుముఖమున అన్ని మారులు విని యుండడు. గౌతముడు చెప్పిన అభ్యాసము ఇచట శ్రోత కోరకయే సిద్ధించినది.

అందును బాల్యమున జరిగిన అభ్యాసము. పెద్దలు ప్రకటన వచ్చినపుడు లేచి వంటింటికి బోవుదురు, పిల్లలు కదలరు.

టైటాన్ సంస్థ 1984లో టాటా వారును తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ వారును కలిసి స్థాపించినది. 1980 దశకము చివర ఆరంభమైన దాని ప్రకటనలందు మోట్సార్ట్ సింఫొనీలోని వరుస ప్రవేశించినది. ఆ కృతి స్వభావము ఇచట గమనింపదగినది. మోట్సార్ట్ తన సింఫొనీలలో మైనర్ స్వరక్రమమున రచించినవి రెండే: ఈ 25వది, ప్రసిద్ధమగు 40వది. మొదటి భాగము త్వరితగతి గలది; తంత్రీవాద్యములు తాళపు దెబ్బను తప్పించి తప్పించి మీటుచుండగా చిత్తక్షోభమే స్వరరూపమున నిలిచినట్లుండును. 1984లో వచ్చిన ‘అమేడియస్’ చలనచిత్రము ఒక వృద్ధుని ఆత్మహత్యాప్రయత్నపు ఘట్టమున దీనిని వాడినది. అది ఔచిత్యము గల వినియోగము. ప్రకటనయందు ఇదే వరుస కొంత మందగించి, మెత్తబడి, కానుకల యొక్క సంగీతమైనది. తండ్రికి బిడ్డ ఇచ్చు కానుక, భార్యకు భర్త ఇచ్చు కానుక. కాలక్రమమున దానిని భారతీయవాద్యములపైనను పలికించిరి. క్షోభము వాత్సల్యముగ మారినది. స్వరముల పరస్పరసంబంధము మారలేదు.

దీనికి పేరేమి? రాజశేఖరుడు కావ్యమీమాంసయందు పూర్వకవుల అర్థమును గ్రహించు తీరులను చెప్పుచు ప్రతిబింబకల్పము, ఆలేఖ్యప్రఖ్యము, తుల్యదేహితుల్యము, పరపురప్రవేశసదృశము అని నాలుగు విధములను పేర్కొనెను. మూలము ఒక్కటియై, దాని చుట్టునున్న పరికరమంతయు మిక్కిలి భిన్నమైనచో అది పరపురప్రవేశము. యోగి పరుని శరీరమున జొచ్చినట్లు. గడియారపు ప్రకటన ఈ నాలుగవదానికి చక్కని ఉదాహరణము. శరీరము మోట్సార్టుది, జొచ్చిన ప్రాణము వేరు. శంకరులు అమరుకుని శరీరమున జొచ్చిన కథ అందరెరిగినదే. అచట రాణులు భేదమును కనిపెట్టగలిగిరి. ఇచటి రాణులకు, అనగా శ్రోతలకు, మొదటి రాజును చూచు అవకాశమే లేదు. కావున శరీరము ఎప్పుడును ఈ రెండవ ప్రాణిదే యని వారు నమ్మిరి.

ఈ పరిణామము భారతదేశమునకే పరిమితము గాదు. చెక్ స్వరకర్త డ్వోర్జాక్ 1893లో రచించిన 9వ సింఫొనీలోని విలంబభాగమును 1973లో హోవిస్ అను రొట్టెల సంస్థ బ్రిటనులో తన ప్రకటనకు వాడుకొనగా, ఆ దేశపు సామాన్యశ్రోతకు అది నేటికిని రొట్టె పాటయే. ఇంతకంటె వింతయైనది డెలీబ్ రచించిన ‘లక్మే’ యను సంగీతనాటకపు కథ. 1883లో పారిసులో ప్రదర్శితమైన ఆ నాటకమున కథాస్థలము భారతదేశము, నాయిక ఒక బ్రాహ్మణ పూజారి కుమార్తె, పేరు లక్ష్మికి ఫ్రెంచి ఉచ్చారణము. పూవులు కోయుటకు బోవుచు నాయికయు మల్లికయు పాడు యుగళగీతము 1989లో బ్రిటిష్ విమానసంస్థ ప్రకటనకెక్కినది. ఆ పాట వినగా లండను శ్రోతకు విమానము తోచును. ఆ నాటకము పేరు వినగా భారతీయశ్రోతకు 1952లో టాటా వారు నెలకొల్పిన సౌందర్యసాధనముల సంస్థ తోచును. లక్ష్మి ఫ్రాన్సు వెళ్లి లక్మేయై, తిరిగి వచ్చి లేపనముల డబ్బాపై కూర్చున్నది! సంబంధస్మృతికి వస్తువుల నడుమ ఏ పోలికయు అక్కరలేదనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా?

వరుస ఒకరిది, మాట వేరొకరిది యగుట భారతీయులకు క్రొత్త గాదు. తెలుగున ఒక కీర్తనను ‘ఫలానా మట్టు’ అని శీర్షించి వ్రాయు ఆచారము చిరకాలముగ నున్నది. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) ఆంగ్లేయుల బ్యాండు మేళపు వరుసలకు సంస్కృతసాహిత్యమును కూర్చి 40కి దరిదాపు నోట్టుస్వరకృతులను రచించెను. అందు శ్యామలను స్తుతించు ‘సంతతం పాహి మాం’ అను కృతి వరుస బ్రిటిష్ రాజగీతపు వరుసయే. ఆనాటి దొర దానిని వినియుండినచో తన రాజు జ్ఞప్తికి వచ్చియుండును. శిష్యుడు అదే వరుసలో అంబను మాత్రమే తలంచును. రవీంద్రనాథ ఠాకూరు ‘పురానో షేయి దినేర్ కథా’ యను గీతమును స్కాట్లండు వారి ‘ఆల్డ్ లాంగ్ సైన్’ వరుసపై నిర్మించెను. బంగాళీశ్రోత ఆంగ్లేయుల నూతనసంవత్సరోత్సవమున ఆ వరుసను వినినచో ఠాకూరు గీతమే స్మృతికి వచ్చును. ఎవ్వరు దేనిని ముందు వినిరో దానికే వరుస చెందును. చరిత్రలోని పౌర్వాపర్యము వేరు, శ్రవణమునందలి పౌర్వాపర్యము వేరు. స్మృతి రెండవదానినే అనుసరించును.

దీక్షితులకును ప్రకటనకర్తకును ఒక అంతరము మాత్రము కలదు. దీక్షితుల కృతిలో వరుసకు జతపడినది మరల ఒక సాహిత్యము, ఒక భావము. అది విన్నవానికి మరియొక పాట మిగులును. ప్రకటనలో జతపడినది వస్తువు. పాట ముగిసిన పిమ్మట మిగులునది కొనవలసిన సరుకు. ప్రాచీనకాలపు చాటింపు సంగతియు ఇంచుమించు ఇదే కాని, దండోరా మోత చాటింపునకే పుట్టినది. దానికి పూర్వజన్మ లేదు. పెండ్లిలోని గట్టిమేళమును వినగా మాంగల్యధారణము తోచుటయు, సంక్రాంతి సన్నాయిని వినగా గంగిరెద్దు తోచుటయు ఈ కోవలోనివే. 1930 దశకమున వాల్టర్ కౌఫ్‌మన్ ఆకాశవాణికి శివరంజని ఛాయలో కూర్చిన ప్రారంభసంగీతము కూడ ఇట్టిదే. వేకువను దానిని వినుచు పెరిగినవారికి కచేరీలో శివరంజని ఆలాపన సాగుచుండగా రేడియో పెట్టె కన్నులకు కట్టును.

భాషాపరిశోధకులు శ్రద్ధ వహింపవలసిన అంశము వేరొకటి కలదు. మాటలు గల ప్రకటనగీతము ఒక భాషలో పుట్టి పది భాషలకు మార్చబడును. వరుస మారదు, నిడివి మారదు, వస్తువు పేరు పడవలసిన చోటు మారదు. ఈ మూడు సంకెళ్లలో అనువాదకుడు పనిచేయవలెను. హిందీలో ‘దూధ్’, ‘సాఫ్’, ‘ఝాగ్’ వంటి పదములు పలుకుబడిలో హలంతములు, ఒక్కొక్కటి ఒకే అక్షరము. ఒక దీర్ఘస్వరముపై నిలువగలవు. తెలుగు అజంతభాష. దూధ్ పాలై రెండక్షరములగును. ఝాగ్ నురుగై మూడగును. హిందీలో గాయకురాలు ఒక్క స్వరమున సాగదీయుచోట తెలుగున ఆమె మూడు లఘువులను చకచక పలుకవలెను. వరుస కాగితముపై అదియే. వినుటకు లయ చిట్లినది. కన్నడ అనువాదకులకును ఇట్టి చిక్కే యుండును. కావున ఒకే ప్రకటనను ఒకే వరుసలో వినిరని చెప్పబడు నాగపూరు శ్రోతకును విజయవాడ శ్రోతకును నిజముగ మిగిలిన సంస్కారములు ఏకరూపములు కావు. ఒకనికి గానము వలె మిగిలినది రెండవవానికి పిల్లల లెక్కపాట వలె మిగులును.

ఒక్కొక్కచోట భాషాస్వభావము అనువాదకునికి తోడ్పడును. నిర్మా అను బట్టల సబ్బుపొడి ప్రకటనగీతము 1980 దశకమున దూరదర్శని ప్రేక్షకులెల్లరకు కంఠస్థము. ఆ పేరు దీర్ఘాంతము. తెలుగున దేశ్యపదములు వాక్యాంతమున దీర్ఘాంతములై నిలుచుట అరుదు. సంబోధనయందు మాత్రము తుదియచ్చు దీర్ఘమగును, రామా, కృష్ణా అన్నట్లు. కావున వస్తువు పేరును పదేపదే చెప్పు ఆ వరుస తెలుగుచెవికి పిలుపు వలె వినబడును; సరుకును పేరు పెట్టి ఇంటిలోనికి పిలుచుచున్నట్లుండును. ఇది ప్రకటనకర్తలు తలంచి చేసినది కాకపోవచ్చును. ఫలితము మాత్రము నిజము. వస్తువు పేరు పాదాంతమున ఆవృత్తమగుట శతకమందలి మకుటమును, కృతియందలి ముద్రను పోలియున్నది. పద్యములోని తక్కిన పాదములు మరచినవాడు కూడ మకుటమును మరువడు. ప్రకటనకర్తకు కావలసినదియు అదియే.

ఇందుండి ఒక విషయము తేలుచున్నది. భాషాసీమలను దాటి సమానముగ నిలిచిన ప్రకటనసంగీతము ప్రాయికముగ మాటలు లేనిది. టైటాన్ వరుసకు మాటలు లేవు. 1975లో వచ్చిన లిరిల్ సబ్బు ప్రకటన సంగీతమున ప్రధానమైనది నిరర్థకాక్షరముల ఆలాపము. 2002లో ఎ. ఆర్. రహ్‌మాన్ ఎయిర్‌టెల్ టెలిఫోను సంస్థకు కూర్చిన వరుస మాటలు లేకయే దేశమంతట ఫోనులలో మ్రోగినది. భాషలు పెక్కు గల దేశమున సరుకునమ్ముటకు మాటను విడిచిన సంగీతమే మేలైన సాధనమైనది. భాషాధ్యయనమున మునిగినవారికి ఇది అంత సంతోషకరమైన సంగతి గాదు.

ఇక సాదృశ్యస్మృతి. ఒక క్రొత్త పాట ఏ ప్రకటన నుండియు గ్రహింపబడలేదు. అయినను ప్రకటన వలె నున్నదని శ్రోత చెప్పును. దీనికి కారణము తరచు సరళము: రెండిటిని చేసిన చేయి యొక్కటియే యగుట. వన్‌రాజ్ భాటియా లండనులోను, పారిసులోను సంగీతమభ్యసించి వచ్చి, తన జీవితకాలమున వేలకొలది ప్రకటనగీతములను కూర్చెను. పైన జెప్పిన లిరిల్ సంగీతము ఆతనిదే. తెలంగాణ పల్లెను కథాస్థలముగ గొన్న శ్యామ్ బెనెగల్ చిత్రము ‘అంకుర్’ (1974)కు సంగీతదర్శకుడు నాతడే. బెనెగల్ కూడ ప్రకటనచిత్రముల రంగమునుండి వచ్చినవాడు. రహ్‌మాన్ చరిత్ర తెలుగువారికి మరింత సన్నిహితము. ఆతడు రమేశ్ నాయుడు, రాజ్–కోటి వంటి తెలుగు సంగీతదర్శకుల బృందములలో కీబోర్డు వాయించినవాడు. 1980 దశకము చివర హైదరాబాదు ఆల్విన్ సంస్థ గడియారములకు ప్రకటనసంగీతము కూర్చెను. లియో కాఫీ ప్రకటనకు ఆతడు చేసిన సంగీతము మణిరత్నమును ఆకర్షింపగా 1992లో ‘రోజా’ చిత్రము ఆతనికి లభించినది. ఆ చిత్రగీతములు వెలువడినపుడు ఇవి ప్రకటనగీతముల వలె నున్నవను ఆక్షేపణ వినవచ్చినది. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. అది దోషమనుట మాత్రము తగదు.

ప్రకటనసంగీతము 30 సెకండ్లలో ముగియవలెను. ఆలాపనకు తావులేదు. మొదటి నాలుగైదు స్వరములలోనే వరుస తన ముఖమును చూపవలెను. ప్రతి వాద్యము స్పష్టముగ, వేరువేరుగ వినబడవలెను. తుదను స్థిరస్వరముపై పేరు నిలువవలెను. ఇట్టి శిక్షణ పొందిన స్వరకర్త పెద్ద పాటను చేసినను ఆ పొదుపు, ఆ స్పష్టత విడువవు. కీర్తనలు వ్రాసి వ్రాసి పద్యమును వ్రాసినవాని పద్యమున పల్లవి ఛాయ యుండుట వంటిది ఇది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున కావ్యములందలి సంవాదమును చెప్పుచు, ఇరువురు మనుష్యులు పోలియున్నంతమాత్రమున ఒక్కరే యని ఎవ్వరును అనరని తుల్యదేహిసాదృశ్యమును అంగీకరించెను. పాటకును ప్రకటనకును గల పోలికలలో అధికభాగము ఈ జాతిలోనివి. స్వరశ్రేణి ఏకమైనపుడే ప్రతిబింబకల్పమను మాట ఎత్తవలెను. పోలికను వినిన శ్రోత తన అనుభవమును చెప్పుచున్నాడు. దానినుండి దొంగతనమును రుజువు చేయుట సాధ్యము గాదు.

ప్రకటనయే పాటగ పరిణమించిన ఉదాహరణములును లేకపోలేదు. అమెరికాలో ఒక బ్యాంకు ప్రకటనకు పుట్టిన గీతమును 1970లో కార్పెంటర్స్ గాయకులు పాడగా జనప్రియమైనది. 1971లో కోకాకోలా పానీయమునకు చేసిన గీతము పానీయపు పేరు తొలగింపబడి స్వతంత్రగీతముగ ప్రచారమందినది. సరుకు పోయి పాట మిగులుట సాధ్యమే యని వీనివలన తెలియును.

ఇంతకును ఈ స్మృతి రసాస్వాదమునకు విఘ్నమా? అభినవగుప్తుడు రసవిఘ్నములను ఏడింటిని చెప్పెను. తన సొంత సుఖదుఃఖములలో మునిగి సామాజికుడు కావ్యార్థమును పొందలేకపోవుట అందొకటి. మోట్సార్ట్ క్షోభమును వినవలసిన చోట తన యింటి ముంగిలి, తండ్రి మణికట్టు, ఆదివారపు చలనచిత్రము తలపునకు వచ్చినవాడు నిశ్చయముగ ఆ విఘ్నమునకు లోనైనవాడే. అయినను అదే అభినవగుప్తుడు వాసన లేనివానికి రసము లేదనెను. పాశ్చాత్యసంగీతమున ఎట్టి వాసనయు లేని భారతీయబాలునికి ఆ స్వరములయందు చనవు కలిగించినది ప్రకటన యొక్కటియే. వానిలో పదిమందిలో ఒకడు పెద్దవాడై పూర్తి సింఫొనీని వెదకి వినినచో, మొదటి పది క్షణములు గడియారము అడ్డు నిలుచును. తరువాతి భాగములు ప్రకటనలో లేవు గనుక అచట వాడు స్వతంత్రుడు. విఘ్నము వాకిటనే యున్నది, గర్భగృహమున లేదు. విద్యాలయములందు సంగీతమును బోధించువారు ప్రకటనను ప్రస్తావించినందుకు విద్యార్థిని అపహసింపక, వాని చేయి పట్టుకొని వాకిలి దాటించుట ఉత్తమము.

చట్టము ఈ విషయమును వేరు కోణమున చూచినది. భారతదేశమున రచయిత మరణించిన పిమ్మట 60 ఏండ్లకు కృతిపై హక్కు తీరును; 1791లో మరణించిన మోట్సార్ట్ వరుసను ఎవ్వరైనను వాడవచ్చును. కాని ధ్వనిని వ్యాపారచిహ్నముగ నమోదు చేయించుకొను సదుపాయము కూడ కలదు. 2008లో యాహూ సంస్థ పిలుపుకూత ఈ దేశమున ఇట్లు నమోదైన మొదటి ధ్వని. 2017 నాటి నియమావళి ప్రకారము ధ్వని 30 సెకండ్లకు మించరాదు, స్వరలిపి జతపరుపవలెను. రచయిత హక్కునకు గడువు కలదు. వ్యాపారచిహ్నమును ఎప్పటికప్పుడు పొడిగించుకొనవచ్చును. అనగా పాట అందరి సొత్తగుచు పోవును, పాటపై సరుకునకు గల సంబంధము మాత్రము ఎల్లకాలము ఒకరి సొత్తుగ నిలువగలదు.

తెలుగు ప్రకటనగీతముల మాటలు వ్రాసినవారి పేర్లు ప్రసారమున చెప్పబడెడివి కావు. వరుసలు ధ్వనిముద్రలలో కొన్ని దొరకును. 1970, 1980 దశకములలో తెలుగు రేడియోలోను, దూరదర్శనిలోను వినబడిన పాఠములు మాత్రము ఆనాటి శ్రోతల నాలుకలపైననే మిగిలియున్నవి. వారిలో పెక్కురు నేడు 50 దాటినవారు. వారిచే ఆ పాఠములను పాడించి వ్రాసికొని, హిందీ, తమిళ, బంగాళీ పాఠములతో అక్షరమునకక్షరము సరిపోల్చినచో, హలంతభాషలో పుట్టిన వరుసను అజంతభాష ఎచట సాగదీసినదో, ఎచట విరిచినదో చూపవచ్చును. పిదప మాటలు తీసివేసి వీణపై వరుసను మాత్రము వినిపించి, వస్తువు పేరు ముందు జ్ఞప్తికి వచ్చునో, పాట మాటలు ముందు వచ్చునో, ఆ యింటిలోని మనుష్యులే ముందు వత్తురో అడిగి తెలిసికొనవలసియున్నది.